టూమర్ కూడలిలో ఓక్ చెట్లు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళను ఏం చూశారని అడిగితే నయాగరా జలపాతం, న్యూయార్కులో స్వేచ్ఛా ప్రతిమ, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి అని వరసగా చెబుతారు. మేమూ అవన్నీ చూశాం, ఫోటోలూ తీయించుకున్నాం. అయితే బళ్ళారికి తిరిగి వచ్చాక నేను ఇరుగుపొరుగులకు ఎక్కువసార్లు చెప్పింది ఒక నాలుగురోడ్ల కూడలి గురించి, అక్కడున్న రెండు చెట్ల గురించి. ఆ కథ మన పత్రిక చదివే కుటుంబాలకు కూడా నచ్చుతుందనిపించి రాస్తున్నాను.

ఊరి పేరు ఆబర్న్. అలబామా రాష్ట్రంలో, అట్లాంటా విమానాశ్రయం నుంచి కారులో రెండు గంటల దూరం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో 76 వేల మంది. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో మా అబ్బాయి పై చదువు చదివేవాడు. 1856లో చిన్న కాలేజీగా పుట్టి, 1960లో ఆబర్న్ విశ్వవిద్యాలయం అన్న పేరు పెట్టుకున్న సంస్థ అది. ఊరికి ఆ పేరు ఆలివర్ గోల్డ్‌స్మిత్ కావ్యం 'ది డెజర్టెడ్ విలేజ్' నుంచి వచ్చిందట. ఆ కావ్యంలోది జనం వదిలిపెట్టి వెళ్ళిపోయిన పల్లె. ఈ ఆబర్న్‌లో ఆట ఉన్న శనివారం నాడు కాలు పెట్టే చోటుండదు. జోర్డన్ హేర్ స్టేడియంలో 88 వేల మంది కూర్చోవచ్చు. అంటే ఊరు ఊరంతా వెళ్ళి కూర్చున్నా ఇంకా పన్నెండు వేల మందికి చోటు మిగులుతుందన్నమాట!

ఆట అంటే మన ఫుట్‌బాల్ కాదు. కొబ్బరికాయలా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అప్పుడప్పుడు మాత్రం కాలితో తంతారు. పక్షానికి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, ఆ తర్వాత గోలు స్తంభాల మధ్యగా తన్నితే ఇంకొకటి. గీత దాటలేమనుకుంటే దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. గడియారం లెక్కకు ఆట ఒక గంటే. ఆపుతూ ఆపుతూ ఆడేసరికి మూడున్నర గంటలు పడుతుంది. మా వారు క్రికెట్ మనిషి. "టెస్టు మ్యాచి కంటే నయమే, సాయంత్రానికి తేలిపోతుంది" అని సర్దుకున్నారు.

కాలేజీ పిల్లల ఆటకు ఇంత హంగామా ఎందుకని మీకు సందేహం రావచ్చు. అలబామాకు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు. ఉన్నవి రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు. టస్కలూసా ఊళ్ళో అలబామా విశ్వవిద్యాలయం, దానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఆబర్న్. ఆ రాష్ట్రంలో పుట్టిన ప్రతివాళ్ళూ ఏదో ఒక పక్షం. కాలేజీ గడప తొక్కనివాళ్ళు కూడా "మేం గెలిచాం, మేం ఓడాం" అంటారు. ఆబర్న్ వాళ్ళవి నారింజ, ముదురు నీలం రంగులు, అలబామా వాళ్ళవి ముదురు ఎరుపు, తెలుపు. కూరగాయల దుకాణంలో ఆబర్న్ అంగీ వేసుకున్నవాళ్ళు ఎదురుపడితే "వార్ ఈగిల్" అని పలకరించుకుంటారు. జట్టు గుర్తేమో పులి, కేకేమో గద్ద పేరు. ఇదేమిట్రా అని అడిగితే మా వాడు "అమ్మా, అది అంతే" అన్నాడు.

ఈ రెండు జట్లూ మొదటిసారి తలపడింది 1893లో. 1907లో చెరి ఆరు పాయింట్లతో ఆట సమమైంది. ఆ తర్వాత ఆటగాళ్ళ ఖర్చులు, అంపైర్ల ఎంపిక దగ్గర మాటా మాటా పెరిగి 41 ఏళ్ళపాటు అసలు ఆడనే లేదు! మళ్ళీ 1948లో మొదలుపెట్టినప్పుడు రెండు కాలేజీల విద్యార్థి నాయకులు బర్మింగ్‌హామ్ నగరంలోని ఒక పార్కులో నిజంగానే ఒక గొడ్డలిని గొయ్యి తీసి పాతిపెట్టారట, వైరం పోవాలని. బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు పరిశ్రమల ఊరు. చాలా ఏళ్ళు ఆట అక్కడే జరిగింది కనుక దీనికి ఐరన్ బౌల్ అని పేరు నిలిచింది.

మేం అక్కడ ఉండగా 2019 నవంబరు 30న ఆ ఐరన్ బౌల్ ఆబర్న్‌లోనే జరిగింది. టికెట్లు మనబోటివాళ్ళు కొనేట్టుగా లేవు. మా వాడు అద్దెకున్న ఇంటి యజమానులు డెబ్బై ఏళ్ళు దాటిన దంపతులు. వాళ్ళు తమ ఇంట్లో టీవీ ముందుకు రమ్మని పిలిచారు. గుమ్మంలో ఆగి ఉన్న కారు ముందు ఒక పలక బిగించి ఉంది. అందులో సగం ఆబర్న్ గుర్తు, సగం అలబామా గుర్తు, కింద 'చీలిన ఇల్లు' అని అర్థమొచ్చే మాట. అక్కడ చాలా కార్లకు అలాంటి పలకలుంటాయి. ఆయన ఆబర్న్, ఆవిడ అలబామా. ఆయన నారింజ రంగు చొక్కా, ఆవిడ ఎర్ర స్వెట్టరు వేసుకుని సోఫాకు చెరొక కొసన కూర్చున్నారు. నేను ఊరినుంచి తీసుకెళ్ళిన బొరుగులతో ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలతో పట్టుకెళ్ళాను. ఆవిడ ఒక బజ్జీ కొరికి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ ఇంకొకటి తీసుకుంది.

ఆ రోజు ఆట ఉయ్యాలలా ఊగింది. ఒకరు ముందుకెళ్ళడం, ఇంకొకరు అందుకోవడం. అలబామా కుర్రాడు గీత దగ్గర విసిరిన బంతిని ఆబర్న్ ఆటగాడొకడు మధ్యలో పట్టేసి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నూరు గజాలు పరుగెత్తాడు. ఆయన లేచి నిలబడి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆవిడ చేతిలో అల్లిక కిందపెట్టింది. చివరికి ఆబర్న్ 48, అలబామా 45. రెండు నిమిషాల ఆట మిగిలింది. అలబామా వాళ్ళు 30 గజాల నుంచి తంతున్నారు. అది తగిలితే సమం. వాళ్ళకది పెద్ద దూరం కాదట. బంతి లేచింది, పోయి స్తంభానికి తగిలి బయట పడింది. ఆ తర్వాత బంతి మళ్ళీ తమ చేతికి రావాల్సిన సమయంలో అలబామా పక్షాన మైదానంలో పన్నెండు మంది ఉన్నారని అంపైరు జండా విసిరాడు. దాంతో ఆట అయిపోయినట్టే.

ఆవిడ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత లేచి, కొక్కేనికి వేలాడుతున్న కారు తాళాలు తీసుకుని, "పదండి, ఈయనకు చీకట్లో కళ్ళు సరిగా కనిపించవు, కూడలికి నేనే తీసుకెళ్ళాలి" అంది. ఆయనేమో అప్పటికే లోపలికి వెళ్ళి చంక నిండా కాగితం చుట్టలు పట్టుకొచ్చాడు. ఏ కాగితమో రాయడానికి నాకు కాస్త మొహమాటంగా ఉంది గానీ, దాచి లాభం లేదు. టాయిలెట్ పేపరు!

టూమర్ కూడలి అంటే కాలేజీ వీధి, మాగ్నోలియా వీధి కలిసే చోటు. ఒక మూల విశ్వవిద్యాలయం ప్రవేశద్వారం, ఇంకో మూల 1896 నాటి టూమర్ మందుల దుకాణం. అక్కడ మందులకన్నా నిమ్మరసం ప్రసిద్ధి. ఆబర్న్ గెలిచినప్పుడల్లా జనం ఇక్కడికి చేరి కాగితం చుట్టలను చెట్ల మీదికి విసురుతారు. చుట్ట విప్పుకుంటూ కొమ్మల మీదుగా అవతలికి పడుతుంది, తెల్లటి తోక వేలాడుతుంది. వీధి దీపాల వెలుతురులో ఆ చెట్లకు మంచు పట్టినట్టుంది. తాతలు, మనవలు, చంకలో పసిపిల్లలతో తల్లులు, అందరూ విసిరేవాళ్ళే. పక్కవాళ్ళ నెత్తిన పడితే వాళ్ళే తీసి మళ్ళీ విసురుతారు. "రేపు ఇదంతా ఎవరూడుస్తార్రా?" అన్నాను మా వాడితో. "అమ్మా, ఆ సంగతి ఇప్పుడు అడగకూడదు" అన్నాడు. ఆవిడ ఎర్ర స్వెట్టరు మీద నల్ల కోటు కప్పుకుని, భర్త విసరలేకపోతున్న చుట్టల కొసలు విప్పి అందిస్తూ నిలబడింది.

నేను గమనించిందేమిటంటే, ద్వారం దగ్గర అందరికంటే ముందున్న రెండు చెట్లమీద మాత్రం విసరవద్దని ముందే చెప్పి ఉంచారు. అవి లేత చెట్లు. లోపలి చెట్లకే ఆ తెల్ల తోరణాలు. మర్నాడు ఆదివారం పొద్దున మళ్ళీ నడిచి వెళ్ళి ఆ రెండింటినీ తీరిగ్గా చూశాం. పనివాళ్ళు కొమ్మల నుంచి కాగితాలు దింపుతున్నారు. అప్పుడు మా వాడు చెప్పిన కథ, ఆ సాయంత్రం ఆవిడ పూర్తి చేసిన కథ ఇది.

ఆ చోట ఇంతకుముందు దశాబ్దాల వయసున్న రెండు పెద్ద లైవ్ ఓక్ చెట్లుండేవి. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే జాతి అది. 1972లో అలబామా 16–0తో ముందుండగా, ఆట చివరి పది నిమిషాల్లో ఆబర్న్ కుర్రాళ్ళు అవతలివాళ్ళు తన్నబోయిన బంతిని రెండుసార్లు అడ్డుకుని, రెండుసార్లూ గీత దాటించి, 17–16తో గెలిచారు. చెట్లమీద కాగితాలు విసరడం ఆ విజయం తర్వాతే మొదలైందని చాలామంది అంటారు. ఒక్క పాయింటు గెలుపుతో మొదలైన ఆచారానికి ముప్పు కూడా ఒక్క పాయింటు గెలుపు నుంచే వచ్చింది.

2010 నవంబరు 26న టస్కలూసాలో ఆట. అలబామా 24–0తో ఎక్కడికో వెళ్ళిపోయింది. అలబామా ఆటగాడొకడు ఇంకో పెద్ద పరుగు తీస్తుండగా వెనకనుంచి వచ్చిన చెయ్యి తగిలి బంతి జారింది. కోలబంతి ఎటు దొర్లుతుందో దేవుడికే తెలియాలి. అది గీత వెంట బారుగా దొర్లుకుంటూ వెళ్ళి మైదానం చివర బయటపడి, ఆబర్న్ పరమైంది. కామ్ న్యూటన్ అనే ఆటగాడు నాయకుడిగా ఆబర్న్ ఒక్కొక్క మెట్టే ఎక్కి 28–27తో గెలిచింది. ఆ ఏడు ఒక్క ఆటా ఓడకుండా 2011 జనవరి 10న దేశ విజేత కూడా అయింది.

ఆ జనవరి నెలలోనే అలబామా అభిమాని ఒకడు రేడియో కార్యక్రమానికి ఫోను చేసి, టూమర్ చెట్లకు విషం పెట్టానని చెప్పాడు. చివర తన జట్టు నినాదం కూడా పలికాడు. ఉత్తమాటేమో అనుకున్నారు. మట్టి తీసి పరీక్షిస్తే నిజమే. పొలం గట్ల మీద తుప్పలు, చెట్లు చంపడానికి వాడే టెబుథయురాన్ అనే మందు, పెద్ద మోతాదులో ఉంది. అతను పోలీసు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పేరు అక్కడ అందరికీ తెలుసు, నేనిక్కడ రాయదలచుకోలేదు. నేరం ఒప్పుకున్నాక 2013లో ఆరు నెలలు జైలు, ఐదేళ్ళు నిఘా, కాలేజీ ఆటలకు వెళ్ళకూడదన్న నిషేధం, సుమారు 8 లక్షల డాలర్ల పరిహారం విధించారు. అందులో చాలా కొద్ది భాగమే కట్టి 2020లో చనిపోయాడు.

చెట్లను బతికించడానికి రెండేళ్ళు తంటాలు పడ్డారు. విషం ఎక్కిన మట్టిని తవ్వి తీసేశారు, బొగ్గుపొడి లాంటిది వేసి విషాన్ని పీల్చాలని చూశారు. ఆకు వచ్చేది, రాలిపోయేది. 2013 ఏప్రిల్ 20న ఊరంతా చేరి ఆ చెట్ల మీద చివరిసారి కాగితాలు విసిరారు. మూడు రోజుల తర్వాత కొట్టేశారు. అదే ఏడాది నవంబరు 30న, చెట్లు లేని ఆ ఊరికి అన్నిటికంటే పెద్ద గెలుపు వచ్చింది. చెరి 28 మీద ఉండగా మిగిలింది ఒకే ఒక్క సెకను. అలబామా వాళ్ళు 57 గజాల నుంచి తన్నారు, బంతి చాలలేదు. క్రిస్ డేవిస్ అనే ఆబర్న్ కుర్రాడు దాన్ని మైదానం చిట్టచివర పట్టుకుని ఈ కొసకంటా పరుగెత్తాడు. 34–28. జనం కూడలికి పరుగెత్తారు. అక్కడ చెట్లు లేవు, స్తంభాలకు కట్టిన తీగలున్నాయి. ఆ తీగల మీదికే విసిరారట.

2015లో కొత్త చెట్లు నాటారు. 2016 సెప్టెంబరులో ఎల్‌ఎస్‌యూ మీద 18–13తో గెలిచిన రాత్రి, వేలాడుతున్న కాగితానికి ఎవడో నిప్పు పెట్టాడు. ఒక చెట్టు కాలింది. 2017లో రెండింటినీ మార్చి మళ్ళీ నాటారు. మేం చూసిన లేత చెట్లు అవే.

కథ ఇంతవరకే అయితే నేను రాసేదాన్ని కాదు. ఆ సాయంత్రం ఆవిడ చెప్పింది వినండి. విషం సంగతి 2011 ఫిబ్రవరిలో బయటపడ్డాక అలబామా అభిమానులు సిగ్గుతో చితికిపోయారట. 'టైడ్ ఫర్ టూమర్స్' అని పేరు పెట్టుకుని, శత్రువుల ఊళ్ళోని ఆ చెట్ల కోసం సుమారు 50 వేల డాలర్లు పోగుచేశారు. "నేనూ పది డాలర్లు పంపాను, ఈయనకు చెప్పకుండా" అంది. తర్వాత పది వారాలకు, ఏప్రిల్ 27న టస్కలూసా మీద భయంకరమైన సుడిగాలి పడింది. ఆ ఒక్క సుడిగాలికే అరవై మందికి పైగా చనిపోయారు. అప్పుడు ఆబర్న్ వాళ్ళు 'టూమర్స్ ఫర్ టస్కలూసా' అని ఒక సంఘంగా చేరి, నీళ్ళు, దుప్పట్లు, తిండి సామాన్లు పట్టుకుని వెళ్ళారు. "ఈయన తన వ్యానులో రెండుసార్లు వెళ్ళి వచ్చాడు, నాకు చెప్పే వెళ్ళాడు" అని నవ్వింది. ఆయన ఏమీ అనలేదు, మిగిలిన ఉగ్గాణి తింటూ కూర్చున్నాడు.

ఇదంతా మనకెందుకు అంటారా? మన కర్ణాటకలోనే 2025 జూన్ 3న బెంగళూరు క్రికెట్ జట్టు ఆరు పరుగుల తేడాతో, పద్దెనిమిదో ఏట మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. మా వీధిలో తెలుగు ఇళ్ళు, కన్నడ ఇళ్ళు కలిసి అర్ధరాత్రి టపాకాయలు కాల్చాయి. మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది పోయారు. టీవీలో అది చూస్తుంటే నాకు టూమర్ కూడలిలో చంకన పసిపిల్లలతో నిలబడ్డ ఆ తల్లులు గుర్తొచ్చారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. గెలుపు అందరిదీ. పోయిన పిల్లలు మాత్రం ఆ పదకొండు ఇళ్ళవాళ్ళే.

ఇక పక్షాల సంగతి మన బళ్ళారి వాళ్ళకు ఒకరు చెప్పాలా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరులో చేరింది. ఆ రోజుల్లో మా నాన్నగారు ఒక పక్షం, మా పెదనాన్నగారు ఇంకో పక్షం. ఇద్దరూ ఒకే పంచలో భోంచేస్తూ ఆరు నెలలు మాట్లాడుకోలేదని మా అమ్మ చెప్పేది. ఆ ఆరు నెలలూ మజ్జిగ చెంబు మాత్రం ఒకరి తర్వాత ఒకరికి జరిగేదట. మాటలు లేకపోయినా వడ్డన ఆగలేదు. మా తరం వచ్చేసరికి మా పిల్లలు బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు చదివారు. ఇప్పుడెవరైనా "మీరు ఏ పక్షం?" అని అడిగితే మా పిల్లలకు ఆ ప్రశ్నే అర్థం కాదు.

మన జట్టు, మన హీరో, మన భాష అని గట్టిగా అనుకోవడంలో తప్పేమీ లేదని ఆ దంపతులను చూశాక నాకు గట్టిగా అనిపించింది. ఆవిడ ఎర్ర స్వెట్టరు విప్పలేదు. ఆయన కోసం అలబామా ఓడిపోవాలని కోరుకోనూ లేదు. బంతి స్తంభానికి తగిలినప్పుడు ఆవిడ మొహం నేను చూశాను, ఆ బాధ నటన కాదు. అయినా తాళాలు తీసుకుంది. విషం పోసిన మనిషికీ ఆవిడకూ జట్టు ఒకటే, నినాదం ఒకటే.

2023 నవంబరు 25న అదే స్టేడియంలో ఆయన వంతు వచ్చింది. ఆబర్న్ 24–20తో ముందుంది. నిమిషం కూడా మిగల్లేదు, అలబామాకు ఆఖరి ప్రయత్నం, పోవలసింది 31 గజాలు. ఎవరికీ ఆశ లేదు. బంతి విసిరారు, చివరి మూలలో పట్టేశారు. 27–24. మా వాడు అప్పటికి ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఫోను చేసి పలకరిస్తే, "ఆయన పడుకున్నాడు, నేనే పెకాన్ పై వేడిచేసి పెట్టాను" అని ఆవిడ చెప్పిందట.

మీ పిల్లలెవరైనా అట్లాంటా ప్రాంతంలో ఉంటే ఒకరోజు ఆబర్న్ వెళ్ళి రండి. ఆట ఉన్న రోజైతే కారు నిలపడానికి చోటు దొరకదు, మర్నాడు పొద్దున్నే వెళ్ళడం మంచిది. టూమర్ దుకాణంలో నిమ్మరసం తాగండి, చక్కెర మనకు కొంచెం ఎక్కువే. పాత చెట్లు బతికి ఉన్న రోజుల్లోనే వాటి కాయలు ఏరి విశ్వవిద్యాలయం వాళ్ళు మొక్కలు పెంచారు, అభిమానులు వాటిని కొనుక్కుని ఇళ్ళ ముందు నాటుకున్నారు. మా వాడి ఇంటివాళ్ళ పెరట్లో కూడా ఒకటుంది. నేను చూసేనాటికే ఇంటి కప్పును దాటింది. నీళ్ళు పోసి పెంచింది ఎవరని అడిగితే, ఆయన ఆవిడ వైపు చూపించాడు.